అనుమతి అక్కర్లేని ఫ్యాను

మొగిలికుర్తి ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు ఇంటర్నెట్ రేడియో వచ్చింది గానీ, అది ఎవరో అడిగితే వచ్చింది కాదు. కళాశాల వాళ్లు అడిగింది ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు. తలుపు కోసం రాసిన ఆరు ఉత్తరాలకు సమాధానంగా రాజధానిలోని శ్రవణాభివృద్ధి సంచాలకుల కార్యాలయం నుంచి పదహారు పేజీల సర్క్యులర్ దిగింది. ప్రతి కళాశాలా వచ్చే ఒకటో తారీఖుకల్లా ఆన్‌లైన్‌లో సొంత రేడియో ప్రసారం మొదలుపెట్టాలని అందులో ఉంది. తలుపు మాట ఎక్కడా లేదు.

ప్రిన్సిపాల్ వెల్దండి నరహరి గారికి సర్క్యులర్ అంటే భక్తి. దాన్ని ఒకసారి మనసులో, ఒకసారి పైకి, మూడోసారి ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివి, స్టాఫ్ మీటింగు పెట్టారు. రేడియో సమన్వయకర్తగా ఎవరుంటారని అడిగారు. రసాయనశాస్త్రం సారు అప్పటికే చెవి డాక్టరు దగ్గర చీటీ తెచ్చుకున్నారు. కామర్స్ సారు గొంతు ఆ ఉదయం నుంచే బొంగురుపోయింది. చరిత్ర మేడం తాను ఆన్‌లైన్‌లోకి వెళ్తే అత్తగారు ఒప్పుకోరని చెప్పింది. చివరికి అందరి చూపులూ వెళ్లి వెళ్లి అంబటి రాజమణి మీద ఆగాయి.

రాజమణి వృక్షశాస్త్రం చెబుతుంది. గెస్ట్ లెక్చరర్. పదకొండేళ్లుగా ఏటా జూన్‌లో రమ్మంటారు, ఏటా ఏప్రిల్‌లో వెళ్లమంటారు. మధ్యలో ఏ పని చెప్పినా కాదనకూడదు. ఓటర్ల జాబితా దిద్దింది, హరితహారం మొక్కలు లెక్కపెట్టింది, ఒకసారి కళాశాల వార్షికోత్సవంలో కోలాటం వేసేవాళ్లు తక్కువైతే కోలాటం కూడా వేసింది. అన్నింటికన్నా ఆమెకు ఇష్టమైనది మాత్రం పాఠం చెప్పడమే. దానికే సమయం దొరికేది కాదు.

"రాజమణి మేడం, గీ రేడియో మీరే జూసుకోవాలె. మీ గొంతు మంచిగుంటది," అన్నారు ప్రిన్సిపాల్.

ఆమె లోపల సంబరపడింది. రేడియో అంటే మాట్లాడటమే కదా, చెట్ల గురించి ఊరంతా వినేలా మాట్లాడొచ్చు కదా అనుకుంది. ఆ సంబరం మూడో పేజీ దాకా నిలిచింది.

మూడో పేజీలో ఏమని ఉందంటే, ప్రసారం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఎడతెగకుండా సాగాలి. ముప్పై సెకన్ల పాటు ఏ చప్పుడూ వినిపించకపోతే రాజధానిలోని కంప్యూటరు దాన్ని 'మౌనం'గా నమోదు చేస్తుంది. మూడు మౌనాలు నమోదైతే కళాశాల గ్రేడు పోతుంది. గ్రేడు పోయిన కళాశాలలో గెస్ట్ లెక్చరర్లను మరుసటి ఏడు పిలవరు. మాట్లాడటానికి మనుషులుండి కూడా మౌనం నమోదైందంటే ఆ మనుషులు అదనమే కదా అన్నది కార్యాలయం వారి తర్కం. ఇక పదకొండో పేజీలో, మనిషి నోటి నుంచి వచ్చే ఏ మాటనైనా రాతపూర్వకంగా నాలుగు ప్రతుల్లో, ఏడు పనిదినాల ముందు పంపి అనుమతి పొందాలని ఉంది. 'అప్పటికప్పుడు తోచి మాట్లాడే మాటలకు సైతం ఈ నిబంధన వర్తించును' అని కింద గీత గీసి మరీ చెప్పారు.

ఆఫీసు పనులు చూసే అటెండరు కనకవ్వ ఇదంతా విని నోరు వెళ్లబెట్టింది. "గదేంది మేడం? తోచకముందే తోచిందని దర్ఖాస్తు పెట్టాల్నా?"

"పెట్టాలె కనకవ్వా," అంది రాజమణి.

పెట్టింది కూడా. మోదుగు పువ్వు గురించి ఐదు నిమిషాల ప్రసంగం రాసి, నాలుగు ప్రతులు తీసి, కవరు మీద 'ప్రసారం – అతి జరూరు' అని రాసి పంపింది. పదిహేనో రోజున అది సందేహాలతో తిరిగొచ్చింది. 'అందరికీ నమస్కారం' అన్నచోట, అందరూ అనగా ఎవరెవరో జాబితా జతపరచవలెను అని రాశారు. 'ఈరోజు ఎండ బాగా ఉంది' అన్నదానికి, ప్రసంగం వారం ముందు రాసినప్పుడు ఎండ సంగతి ఎట్లు తెలిసినదో ధ్రువపత్రం సమర్పించవలెను అని అడిగారు. ఒకచోట ఆమె ముచ్చటపడి బ్రాకెట్లో 'నవ్వు' అని రాసుకుంది. ఆ నవ్వు ఎన్ని సెకన్లు, ఎవరిని ఉద్దేశించి, నవ్వకపోయినచో ప్రసంగమునకు కలుగు నష్టమేమి అని మూడు ప్రశ్నలు వేశారు.

అన్నింటికీ సమాధానాలు రాసి మళ్లీ పంపేలోపు ఒకటో తారీఖు రానే వచ్చింది.

ప్రిన్సిపాల్ గదినే స్టూడియో చేశారు. కళాశాల మొత్తంలో ప్లగ్గు పనిచేసేదీ, సీలింగ్ ఫ్యాను తిరిగేదీ ఆ ఒక్క గదిలోనే. బల్ల మీద ల్యాప్‌టాప్, దాని ముందు మైకు, పక్కన ఇంటర్నెట్ కోసం రాజమణి ఫోను. తొమ్మిదయింది. రాజమణి మీట నొక్కింది. స్క్రీను మీద 'ప్రత్యక్ష ప్రసారం' అని పచ్చ దీపం వెలిగింది. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు, ఎందుకంటే ఎవరికీ మాట్లాడే అనుమతి లేదు. ప్రిన్సిపాల్ దగ్గు వస్తే రుమాలు నోట్లో కుక్కుకున్నారు.

పది సెకన్లు గడిచాయి. ఇరవై. ముప్పై. రాజమణి కళ్లు మూసుకుంది. పదకొండేళ్ల నౌకరీ మొదటి రోజు మొదటి నిమిషంలోనే గల్లంతు అనుకుంది.

కళ్లు తెరిచేసరికి దీపం పచ్చగానే ఉంది. నిమిషమైంది, అయినా పచ్చగానే ఉంది. ఆమె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నది. కిర్ర్ర్... టక్. కిర్ర్ర్... టక్. తలెత్తి చూసింది. ముప్పై నాలుగేళ్ల కిందట కళాశాలతో పాటే వచ్చిన ఫ్యాను తాపీగా తిరుగుతోంది.

ప్రిన్సిపాల్ గబగబా సర్క్యులర్ తిరగేసి, పద్నాలుగో పేజీ మీద వేలు పెట్టి, కాగితం మీద రాసి చూపించారు: 'ప్రాంగణ సహజ ధ్వనులకు ముందస్తు అనుమతి అక్కర్లేదు.'

ఆ విధంగా మొగిలికుర్తి రేడియోలో ఫ్యాను ప్రసారాలు మొదలయ్యాయి.

మొదటి రోజు శ్రోతలు ముగ్గురు. ఒకరు రాజమణి, ఒకరు ప్రిన్సిపాల్, ఇంకొకటి రాజధాని కంప్యూటరు. మూడో రోజుకు నలభై మంది అయ్యారు. డిగ్రీ పిల్లలు దాన్ని పెట్టుకుని చదివితే పక్కింటి మైకుల గోల వినపడదని ఒకరికొకరు చెప్పుకున్నారు. పిల్ల తల్లులు కనిపెట్టారు, పగటిపూట పాపాయిలను పడుకోబెట్టాలంటే జోలపాట కన్నా ఇదే నయమని. బస్టాండు ముందరి దర్జీ మిషను తొక్కడానికి ఆ టక్ టక్ తాళంలా ఉందన్నాడు. కరెంటు ఉందో పోయిందో తెలుసుకోవడానికి చుట్టుపక్కల పది ఊళ్ల రైతులు ఫోనులో రేడియో పెట్టి వినేవాళ్లు. ఫ్యాను తిరిగితే మోటారు తిరుగుతుంది, అంతే. దీపావళికల్లా శ్రోతలు ఆరువేలు దాటారు. కళాశాలలో చదివేవాళ్లు మూడువందల పన్నెండు మంది.

రాజధాని వారు మురిసిపోయి ప్రశంసాపత్రం పంపారు. దాని వెంబడే ఒక ఫారం పంపారు. ప్రసారకర్త పేరు, విధుల్లో చేరిన తేదీ, విద్యార్హతలు, సెలవుల వివరాలు, క్రమశిక్షణ చర్యలేమైనా ఉంటే ఆ సంగతి, అన్నీ నింపమన్నారు. 'ప్రసారకర్త అంటే మీరా, నేనా?' అని ప్రిన్సిపాల్ తల పట్టుకున్నారు. మనిషి పేరు రాస్తే అనుమతి కాగితం అడుగుతారు.

"ఫ్యాను పేరే రాద్దాం సార్," అంది రాజమణి.

నింపారు. చేరిన తేదీ కళాశాల శంకుస్థాపన పలక మీద దొరికింది. విద్యార్హతల దగ్గర 'మూడు రెక్కలు' అని రాశారు. ముప్పై నాలుగేళ్లలో ఒక్క రోజు సెలవు పెట్టలేదు. క్రమశిక్షణ చర్యలు లేవు. అంత మచ్చలేని సర్వీసు కళాశాలలో ఇంకెవరికీ లేదని ప్రిన్సిపాల్ ఫారం చూసుకుని కాస్త చిన్నబుచ్చుకున్నారు.

ఒక్కటే చిక్కు. మొగిలికుర్తిలో కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, ఫోనుకు ఛార్జింగు ఉంటుంది, ఫ్యానుకు ఏముంది? సంక్రాంతిలోపే రెండు మౌనాలు నమోదయ్యాయి. రెండోసారి దీపం ఎర్రబడినప్పుడు రాజమణి ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి కనకవ్వ బూజుకర్ర పట్టుకుని బల్ల పక్కన స్టూలు మీద కూర్చునేది. కరెంటు పోగానే లేచి కర్రతో రెక్కలు తోసేది. ఇది సహజ ధ్వని అవుతుందా అని రాజధాని వారు సందేహం లేవదీశారు. 'కనకవ్వ ఇరవై ఏళ్లుగా ప్రాంగణంలో సహజంగానే ఉన్నది' అని ప్రిన్సిపాల్ జవాబు రాశారు. వారు ఒప్పుకున్నారు.

"నా రెక్కలు పడిపోతున్నయి మేడం, దాని రెక్కలు తిప్పితిప్పి," అనేది కనకవ్వ చేతులు ఒత్తుకుంటూ. అయినా ఒక్కరోజు మానలేదు. "మీరు పోతే నాతోని మాట్లాడెటోళ్లు ఎవ్వరున్నరు ఈడ?" అనేది.

ఫిబ్రవరి మొదటి వారంలో తనిఖీ బృందం వస్తున్నట్టు కబురొచ్చింది. సంయుక్త సంచాలకులు (శ్రవణం) డాక్టర్ పరాంకుశం గారు, వెంట ఇద్దరు సహాయకులు. అధికారుల ముందు బూజుకర్ర కనపడితే బాగుండదని ప్రిన్సిపాల్ దాన్ని బీరువా వెనక దాయించి, కనకవ్వను చాయ్ తెమ్మని బస్టాండుకు పంపారు.

పరాంకుశం గారు సరిగ్గా ఫ్యాను కిందనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కూర్చుని, బ్యాగులోంచి హెడ్‌ఫోన్లు తీసి చెవులకు తగిలించుకున్నారు. సహాయకులు కూడా తగిలించుకున్నారు. ముగ్గురూ ఫ్యాను గాలికి వెంట్రుకలు ఎగురుతుండగా, ఫోనులో ఫ్యానును వినసాగారు.

"నేరుగా వినొచ్చు కదా సార్, పైనే ఉన్నది," అన్నారు ప్రిన్సిపాల్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, వినయంగా.

పరాంకుశం గారు ఒక చెవి మాత్రం తెరిచి, "నేరుగా వినుట మా పరిధిలోకి రాదు. ప్రసారమైనదే ధ్వని. ప్రసారం కానిది కేవలం చప్పుడు," అని చెప్పి చెవి మూసుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంటర్నెట్ రేడియోలో మైకు ముందు చేసిన చప్పుడు సర్వరు దాకా పోయి, వినేవాళ్ల చెవిలో పడేసరికి ఇరవై సెకన్లు పడుతుంది. అందువల్ల పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు కరెంటు పోయి, ఫ్యాను నెమ్మదించి, చివరి టక్ కొట్టి ఆగిపోయినా, పరాంకుశం గారు కళ్లు మూసుకుని తాళం వేస్తూనే ఉన్నారు.

రాజమణి ఆగిన ఫ్యాను వైపు చూసింది. బీరువా వైపు చూసింది. బీరువాకు ఆనుకుని సహాయకుడు కూర్చున్నాడు. గుమ్మం వైపు చూసింది, కనకవ్వ జాడ లేదు. ప్రిన్సిపాల్ చేతులు జోడించి పైకి చూస్తున్నారు, దేవుడి కోసమో ఫ్యాను కోసమో తెలియదు. మూడో మౌనం. ఇంకో పాతిక సెకన్లలో వచ్చే జూన్ లేదు, ఆ తర్వాతి జూన్ లేదు. నలభై రెండేళ్ల వయసులో ఇంకో కళాశాల గడప ఎక్కి మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇరవై సెకన్లు. పది. కుర్చీ జరిపినా చప్పుడవుతుంది, బల్ల మీద కొట్టినా అవుతుంది. అవేవీ ఆమెకు తోచలేదు. పదకొండేళ్లుగా నోట్లో నానుతున్నదే బయటికి వచ్చేసింది.

"ఆకు అడుగు భాగాన కంటికి కనపడని చిన్నచిన్న నోళ్లు ఉంటయి," అంది రాజమణి మైకులో. "వేలకు వేలు. వాటిని పత్రరంధ్రాలంటం. చెట్టు ఆ నోళ్లు తెరిస్తేనే గాలి లోపటికి పోతది, ఆహారం తయారైతది. కానీ తెరిస్తే నీళ్లు బయటికి పోతయి. మూసుకుంటే ఆకలి, తెరిస్తే దాహం. ఎప్పుడు తెరవాలె, ఎప్పుడు మూయాలె అన్నది చెట్టు ఎవ్వరినీ అడగదు. ఎండ చూసి, వేర్ల కాడ తడి చూసి, తనే ఎరుక చేసుకుంటది..."

ఇరవై సెకన్ల తర్వాత పరాంకుశం గారి కళ్లు టక్కున తెరుచుకున్నాయి. సహాయకులిద్దరూ హెడ్‌ఫోన్లు తీసి చూసుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఆమె ఆగలేదు. ఆగితే మౌనం. ఎడారిలో బ్రహ్మజెముడు రాత్రిపూట మాత్రమే నోరు తెరుస్తుందని చెప్పింది, తామరాకుకు ఆ నోళ్లు పైవైపున ఎందుకుంటాయో చెప్పింది, మన ఊరి తుమ్మచెట్టు ఎండకు ఎట్లా తట్టుకుంటుందో చెప్పింది. మొదట గొంతు వణికింది. తర్వాత అది వణకడం మరిచిపోయింది. పన్నెండు నిమిషాలకు కరెంటు వచ్చి ఫ్యాను కిర్ర్ మన్నాక గానీ ఆమె నోరు మూయలేదు.

దీపం పచ్చగానే ఉంది. చాయ్ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ కనకవ్వ, "మంచిగ జెప్పిన్రు మేడం," అని చప్పట్లు కొట్టబోయి గ్లాసులు గుర్తొచ్చి ఆగింది.

పరాంకుశం గారు మైకును ఫ్యాను వైపు తిప్పించి, గొంతు తగ్గించి, రుమాలుతో నుదురు తుడుచుకుని, నివేదిక చెబుతాను రాసుకోమని సహాయకుడికి చెప్పారు. అతను పెన్ను తీశాడు.

"తనిఖీ సమయమున ఒక మహిళా ఉపన్యాసకురాలు అనుమతి లేకుండా..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఆలోచించారు. "అనుమతి లేకుండా మనిషి మాట్లాడినచో అది ఉల్లంఘన. ఆ ఉల్లంఘన ఎవరి సమక్షంలో జరిగినది? నా సమక్షంలో. పన్నెండు నిమిషాలు నేనేమి చేయుచుంటిని? వినుచుంటిని." ఆయన మొహం పాలిపోయింది. "కావున మాట్లాడినది మనిషి కాదు."

"మరి ఎవరు సార్?" అన్నాడు సహాయకుడు.

"సదరు గదిలో ముందస్తు అనుమతి లేకుండా ధ్వని చేయుటకు అధికారము ఎవరికున్నది?"

అందరూ తలలెత్తి పైకి చూశారు.

నివేదికలో ఇలా రాశారు: 'విద్యుత్ అంతరాయ సమయమున సదరు ఫ్యాను తన సహజ ధ్వనిని నిలిపివేసి, పత్రరంధ్రముల విషయమై పన్నెండు నిమిషముల పాటు సోదాహరణముగా ప్రసంగించినది. ఉచ్చారణ స్పష్టముగా ఉన్నది. విషయ పరిజ్ఞానము మెచ్చదగినది.' ప్రిన్సిపాల్ సాక్షి సంతకం పెట్టారు. మూడో మౌనం తప్పిందన్న సంతోషంలో రాజమణి కూడా నవ్వుతూ పెట్టింది. అప్పటికి ఆమెకు తెలియదు, తాను దేనిమీద సంతకం పెట్టిందో.

మార్చి మొదట్లో ఉత్తర్వు వచ్చింది. మొగిలికుర్తి కళాశాలలో వృక్షశాస్త్రం రెగ్యులర్ లెక్చరర్ పోస్టు పదకొండేళ్లుగా ఖాళీగా ఉన్నందున, తగిన అభ్యర్థులు లేరని ఇన్నాళ్లూ నింపనందున, ఇప్పుడు ముప్పై నాలుగేళ్ల అనుభవమూ, సబ్జెక్టుపై పట్టూ నిరూపించుకున్న అభ్యర్థి అదే ప్రాంగణంలో లభ్యమైనందున, సదరు ఫ్యానును ఆ పోస్టులో నియమించడమైనది. కింద మామూలుగా ఉండే వాక్యమే ఉంది: రెగ్యులర్ లెక్చరర్ చేరిన తేదీ నుంచి గెస్ట్ లెక్చరర్ సేవలు రద్దగును.

రాజమణి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండేళ్లు తను దరఖాస్తులు పెట్టిన పోస్టు అది. ఎంట్రెన్సులు రాసింది, పీహెచ్‌డీ చేసింది, ప్రతి ఏడూ సర్టిఫికెట్ల జిరాక్సులు మోసింది. అది ఫ్యానుకు వచ్చింది. అదీ తన పాఠం చెప్పి.

"దానికి సిగ్గుండాలె!" అంది కనకవ్వ ఫ్యాను వైపు కొంగు విసురుతూ. "ఇన్ని రోజులు నా చేతుల మీద తిరిగి, మా మేడం నౌకరీకే ఎసరు పెట్టింది."

"దాన్నేం అంటవు కనకవ్వా, అది దర్ఖాస్తు పెట్టలే," అంది రాజమణి.

మర్నాటి నుంచి హాజరు పట్టీలో ఫ్యానుకు ఒక గడి పెట్టారు. తొమ్మిదింటికి స్విచ్చి వేయడమే సంతకం. టైంటేబుల్ ప్రకారం వృక్షశాస్త్రం పిల్లలు వచ్చి ప్రిన్సిపాల్ గదిలో నేల మీద కూర్చునేవాళ్లు. ఫ్యాను తిరిగేది. పిల్లల హాజరు నూటికి నూరు శాతం, కళాశాలలో గాలి తగిలే క్లాసు అదొక్కటే మరి. పాఠం మాత్రం ముందుకు కదల్లేదు. పత్రరంధ్రాల తర్వాత ఏమిటని ఒకమ్మాయి చెయ్యెత్తి అడిగింది. ఫ్యాను టక్ మంది. అమ్మాయి రాసుకుంది.

రాజమణి లెక్కలు అప్పజెప్పడానికి వారం గడువు ఇచ్చారు. ఆమె మైక్రోస్కోపులు, ఎండబెట్టిన ఆకుల పుస్తకాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి బీరువాలో పెడుతూ, అడుగున దుమ్ముపట్టిన సెలవు నియమావళి పుస్తకం దొరికితే ఊరికే తిరగేసింది. గెస్టులకు సెలవులుండవు గనక ఆ పుస్తకం ఆమె ఎప్పుడూ చూడలేదు. నలభై ఒకటో పేజీ దగ్గర ఆగింది. అక్కడే నేల మీద చతికిలబడి ఇంకోసారి చదివింది. తర్వాత పుస్తకం పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి దాదాపు పరుగెత్తింది.

"సార్, రెగ్యులర్ ఉద్యోగి సెలవులు వాడుకోకపోతే అన్నీ జమ అయితయట."

"అయితయి. అయితే?"

"మన ఫ్యాను ముప్పై నాలుగేండ్లల్ల ఒక్క సెలవు పెట్టలే. ఫారంల మనమే రాసిచ్చినం."

ప్రిన్సిపాల్ కళ్లద్దాలు సవరించుకున్నారు. ఆమె చదివింది. సంస్థాధిపతి అనారోగ్య కారణాలపై ఉద్యోగిని తానే దీర్ఘకాలిక సెలవుపై పంపవచ్చు. ఆ ఖాళీలో ప్రత్యామ్నాయ వ్యక్తిని తానే నియమించుకోవచ్చు. అట్టి వ్యక్తికి సెలవులోనున్న ఉద్యోగికి గల విధులు, అధికారాలు, మినహాయింపులు యథాతథంగా సంక్రమించును. ఉద్యోగి తిరిగి చేరువరకు అట్టి వ్యక్తిని తొలగించరాదు.

"అనారోగ్యానికి సర్టిఫికెట్ కావాలె," అన్నారు ప్రిన్సిపాల్, నియమం కనపడేసరికి ఆయనకు అలవాటైన ఉత్సాహం వచ్చి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు. అతను నిచ్చెన ఎక్కి, చెవి పెట్టి విని, 'బేరింగ్ అరిగినది, పూర్తి విశ్రాంతి అవసరం' అని రాసిచ్చాడు.

ఐదింటికి ప్రసారం ముగిసేసరికి కాగితాలన్నీ బల్ల మీద సిద్ధమయ్యాయి. ఇక సంతకం ఒక్కటే బాకీ. అప్పుడు ప్రిన్సిపాల్ తలెత్తి ఫ్యాను వైపు చూశారు. మార్చి మధ్యకు వచ్చింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ గదికి ఉన్నది ఒక్క కిటికీ, అదీ పడమటి వైపు. ఫ్యాను సెలవులో ఉన్నన్నాళ్లు దాని స్విచ్చి వేస్తే సెలవులో ఉన్న ఉద్యోగితో పని చేయించినట్టు. ఇంకో ఫ్యాను కావాలంటే రాజధానికి రాయాలి, తలుపు కోసం రాసినట్టే.

ఆయన చాలాసేపు అలాగే చూశారు. రాజమణి పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

"పదకొండేండ్లు మీతోని అన్ని పనులు చేయించుకున్న మేడం," అన్నారు ఆయన కిందికి చూస్తూ. "మీకు అక్కరకొచ్చే పని ఒక్కటి జెయ్యలే." లేచి వెళ్లి స్విచ్చి ఆపేశారు. వచ్చి కూర్చుని సంతకం పెట్టారు. సిరా ఆరకముందే ఆయన మెడ మీద చెమట పట్టింది.

ఉత్తర్వు ఆమె చేతికిచ్చారు. 'ఫ్యాను స్థానంలో, ఫ్యాను విధుల్లో తిరిగి చేరువరకు' అని ఉంది. రాజమణి అలవాటు కొద్దీ ఏప్రిల్ కోసం వెతికింది. ఎక్కడా ఏ నెలా లేదు. పన్నెండు ఉత్తర్వుల్లో ఆఖరి తేదీ లేనిది ఇదొక్కటే. ఆమె దాన్ని మడవకుండా, నలగకుండా, రెండు చేతులతో పట్టుకుంది.

మర్నాడు తొమ్మిది గంటలకు ఆమె మైకు ముందు కూర్చుంది. చేతిలో కాగితం లేదు, నాలుగు ప్రతులు లేవు. "అందరికీ నమస్కారం. ఈరోజు ఎండ బాగా ఉంది," అంది, జాబితా లేకుండా, ధ్రువపత్రం లేకుండా. తర్వాత నవ్వింది. ఎన్ని సెకన్లో ఎవరూ లెక్కపెట్టలేదు. నేల మీద కూర్చున్న పిల్లలకూ, ఫోన్లు పట్టుకున్న పది ఊళ్లకూ కలిపి వేర్ల పాఠం మొదలుపెట్టింది. శ్రోతల సంఖ్య మొదటి గంటలో రెండువేలకు పడిపోయింది, పాపాయిలు లేచి కూర్చున్నారు కాబోలు. మూడో గంటలో మెల్లగా లేవసాగింది. బెండ చేలో ఉన్న ఒక రైతు ఫోను చేసి, తన చేనులో ఆకులు అంచుల కాడ ఎర్రబడుతున్నాయెందుకని అడిగాడు. పదకొండేళ్లలో సిలబస్‌లో లేని ప్రశ్న ఆమెను ఎవరైనా అడగడం అదే మొదలు. ఆకు ఎట్లా ఉందో, తడి ఎప్పుడు పెట్టాడో అడిగి అడిగి చెప్పింది. ఆమె గొంతులో పొంగుతున్న సంతోషం దాచుకుందామనుకుంది గానీ, దాగలేదు.

పదకొండున్నరకు రాజధాని నుంచి ఫోను మోగింది. పరాంకుశం గారు.

"ప్రిన్సిపాల్ గారూ, ఏమిటిది? మీ ప్రసారంలో ఎవరో ఉదయం నుంచి ఎడతెరపి లేకుండా మాట్లాడుచున్నారు. అనుమతి పత్రము ఏదీ మా కార్యాలయమునకు అందలేదు. ఎవరది?"

రాజధాని నుంచి ఫోను వస్తే ముప్పై ఏళ్లుగా లేచి నిలబడి మాట్లాడే నరహరి గారు, ఆరోజు కుర్చీలోంచి లేవలేదు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. సర్క్యులర్ పదహారు పేజీలూ చేతిలో పట్టుకుని విసురుకుంటున్నారు. తలెత్తి కదలకుండా ఉన్న మూడు రెక్కల వైపు ఒకసారి, మైకు ముందు చేతులు తిప్పుతూ చెబుతున్న రాజమణి వైపు ఒకసారి చూశారు.

"ఫ్యాను సార్," అన్నారు.

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. ముప్పై సెకన్లు కాకముందే పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు.

"అట్లయిన మంచిది. ఆపవద్దని చెప్పండి."